పావు మిల్లీమీటరు

కెమెరా ఆయన వచ్చేసరికి ఆమె చేతిలో ఒక పాత లెన్సు సగం ఊడి ఉంది. వెనక ముక్క తేలిగ్గానే వచ్చేసింది. ముందు ముక్క మాత్రం మొండికేసింది. ఎప్పటి జిడ్డో ఎండి బంకలా పట్టేస్తే అంతే మరి. బలంగా తిప్పితే ఇత్తడి మర పాడవుతుంది, జాలిపడి వదిలేస్తే సాయంత్రం దాకా అలాగే కూర్చోవాలి. మర చుట్టూ ఒక్క చుక్క స్పిరిట్ వేసి, రబ్బరు ముక్కతో చుట్టి, పాలసీసా మూత తిప్పినంత మెత్తగా తిప్పుతోంది.

ఆ కొట్లో పనంతా ఇదే. పెద్ద కెమెరాల లెన్సుల్లో గాజు ముసలిదైపోదు. ముందు ప్రాణం విడిచేది షట్టరు. స్ప్రింగులు అలిసిపోతాయి, అరసెకను తెరుచుకోమంటే ఒకటిన్నర సెకను తెరుచుకుని ఆవలిస్తాయి. అప్పుడు పాత షట్టరు తీసేసి, లెన్సు ముందు ముక్కనీ వెనక ముక్కనీ కొత్త షట్టరుకి అటొకటి ఇటొకటి బిగించాలి. వినడానికి గోడకి మేకు కొట్టినంత సులువు. కానీ ఆ రెండు ముక్కల మధ్య దూరం పాతదాంట్లో ఎంత ఉందో కొత్తదాంట్లోనూ అంతే ఉండాలి. వెంట్రుకవాసి తగ్గినా బొమ్మ నడుమ బాగానే ఉండి అంచుల్లో చెదిరిపోతుంది. ఆ వెంట్రుకవాసిని పూడ్చడానికి పల్చటి ఇత్తడి రేకుని రింగులా కోసి లోపల వేస్తారు. వేసినట్టు బయటికి కనిపించదు. వెయ్యకపోయినా కనిపించదు.

"మాస్టారూ, నా ఉద్యోగం పోయేలా ఉందండి," అన్నాడు కెమెరా ఆయన, గొడుగు మరిచిపోయి వచ్చానన్నంత మామూలుగా.

ఆయన భూముల పటాలకు నకళ్లు తీసే ఆఫీసులో పనిచేస్తాడు. మంచం అంత కెమెరా ముందు నిలబడి, గోడకి తగిలించిన పటాన్ని ఉన్నదున్నట్టు ఫోటో తియ్యడం ఆయన పని. ఎప్పుడొచ్చినా గుమ్మంలోంచే ఏదో ఒక వేళాకోళం ఆడేవాడు. ఈసారి చంకలోంచి కాగితపు చుట్ట తీసి, ఆమె మామగారి బల్ల మీద పరిచి, నాలుగు మూలలా నాలుగు పనిముట్లు బరువు పెట్టాడు.

మామయ్య కుర్చీ ముందుకి లాక్కున్నారు. కిటికీ పక్కన ఉండే ఆ బల్ల ఆయనది. దీపం కింద ఉండే బల్ల ఆమెది. బోర్డు మీద ఆయన పేరే ఉంది. ఆరేళ్లుగా విప్పేదీ బిగించేదీ కోడలేనని బయట ఎవరికీ తెలియదు, తెలియాల్సిన అవసరం ఉందని ఇంట్లో ఎవరికీ తోచలేదు. తయారైన లెన్సు ఆఖరున ఆయన బల్ల మీదికి వెళుతుంది. ఆయన కిటికీ వెలుగులో పెట్టి చూసి, తోలుగుడ్డతో పైపైన తుడిచి, 'కొలతలు సరిచూశాను' అని అచ్చువేసిన కార్డు మీద సంతకం పెడతారు. ఈ తతంగానికి ఆమె భర్త 'నాన్న కడచూపు' అని పేరుపెట్టాడు. ఆ మాట విన్నప్పుడల్లా ఆమె "అపశకునపు మాటలు మీరూను," అని కసురుతూనే నవ్వేది.

"ఇదిగో, నడుమ చూడండి, కత్తితో గీసినట్టుంది," అన్నాడు కెమెరా ఆయన. "మూలలకి రండి. ఇక్కడ మూడు అంకె ఉండాలి. ఎనిమిదిలా కనబడుతోంది. మూడడుగుల దారి కాస్తా ఎనిమిది అడుగులైంది. ఎవరిదో ప్రహరీ గోడ పడగొట్టేశారు. వాళ్లు ఫిర్యాదు పెడితే, నేను కావాలని చెరిపానంటున్నారు."

"ఫోకస్ చూసుకున్నావా బాబూ?"

"లక్షసార్లు చూసుకున్నానండి. కొత్త షట్టరు వేయించినప్పట్నుంచే ఇలా వస్తోందని మొత్తుకున్నాను. లెన్సు పెట్టె తెరిచి మీ కార్డు నా మొహాన పెట్టారు. ఈ సంతకం ఉన్న లెన్సు తప్పెలా అవుతుంది, తప్పు నీదేనన్నారు."

మామయ్య మొహంలో ఒక చిన్న వెలుగు వచ్చింది. ఎదుటి మనిషి మునిగిపోతున్నాడని తెలిసినా ఆ వెలుగు ఆపుకోవడం ఆయన వల్ల కాలేదు. "మన చేతిమీదుగా వెళ్లినదాంట్లో తేడా ఉండదు నాయనా. నువ్వు మంచివాడివే, కాదనను. పటం గోడకి సరిగ్గా ఆనుతోందో లేదో చూసుకో."

ఆమె చేతుల్లో రబ్బరు ముక్క ఆగిపోయింది. నడుమ బాగుండి అంచుల్లో చెదిరిందంటే పటం కాదు, గోడ కాదు. రింగు.

"లెన్సు తెచ్చారా?" అని అడిగింది. గొంతు మామూలుగానే వచ్చినందుకు ఆమెకే ఆశ్చర్యం వేసింది.

"ఎక్కడమ్మా, సీలు వేసి బీరువాలో పెట్టారు. ఎల్లుండి పదింటికి విచారణ చేసే మేడమ్ ఇక్కడికే తెస్తారు. మాస్టారు అంతా సరిగ్గానే ఉందని చెబితే ఆ కాగితం మీదే నా సంగతి తేల్చేస్తారు." కాగితం చుట్టుకుంటూ ఆమె వైపు చూసి నవ్వబోయాడు. "విచారణ తేలేదాకా ఆఫీసుకి రావద్దన్నారు. ఇంట్లో ఇంకా చెప్పలేదు. రోజూ టిఫిను డబ్బా పట్టుకుని టంచనుగా బయల్దేరుతున్నాను. పార్కులో తింటున్నాను."

ఆయన వెళ్లగానే ఆమె తన నోటు పుస్తకం తీసింది. ప్రతి లెన్సుకీ ఒక పేజీ. పాత షట్టర్లో దూరం, కొత్తదాంట్లో దూరం, తేడా, వేసిన రింగు మందం. కెమెరా ఆయన లెన్సు పేజీలో 'రింగు, పావు మిల్లీమీటరు' అని ఉంది. పక్కన టిక్కు కూడా ఉంది. కాసేపు ఊరట కలిగింది. తర్వాత ఆ టిక్కు మీదే అనుమానం మొదలైంది. రింగు వేశాక టిక్కు పెడుతుందా, వెయ్యబోతూ పెడుతుందా? ఇన్నేళ్లుగా చేస్తున్న పని, చెయ్యి దానంతటదే చేసుకుపోయే పని. ఆ చెయ్యి ఏం చేసిందో ఇప్పుడు అడిగితే ఏం చెబుతుంది?

సాయంత్రం దాకా మొండి లెన్సు ఊడలేదు. రాత్రి భోజనాల దగ్గర మామయ్య కెమెరా ఆయన సంగతి చెప్పి, "పాపం, మంచివాడే. చెయ్యి జారింది," అన్నారు. ఆమె కలిపిన ముద్దే మళ్లీ కలిపింది. తప్పు తనదైతే, ఈ పెద్దమనిషి నలభై ఏళ్ల సంతకాన్ని తనే బజారుకీడ్చినట్టు. తనది కాదని ఊరుకుంటే పార్కులో డబ్బా విప్పుకునే మనిషి. ఎటు తిరిగినా నిప్పే.

*

మర్నాడు పొద్దున్న మొదట చేసిన పని రింగుల డబ్బా బల్ల మీద బోర్లించడం. ఒకసారి రేకు కోస్తే నాలుగు రింగులు వస్తాయి. పావు మిల్లీమీటరు రేకు ఈ మధ్య ఒక్కసారే కోసింది, అదీ ఈ లెన్సు కోసమే. డబ్బాలో మూడే ఉన్నాయి. మైక్రోమీటర్‌తో ఒక్కొక్కటీ కొలిచింది. డబ్బా అడుగున కాగితం ఎత్తి చూసింది. నాలుగోది లేదు. లేకపోవడమంత మంచి మాట ఆమె ఈమధ్య వినలేదు. ప్రాణం లేచొచ్చింది. వేసిందన్నమాట.

మరి లెన్సులో లేకుండా ఎలా పోయింది? కెమెరా ఆయనే విప్పి ఉంటాడనుకుంది. ఏదో తుడుద్దామని విప్పి, రింగు పారేసుకుని, ఇప్పుడు అమాయకంగా వచ్చి కూర్చున్నాడు. ఈ ఆలోచన ఎంత హాయిగా ఉందో, అంత సిగ్గుగానూ ఉంది. బల్ల కాళ్ల దగ్గరా, కిటికీ కిందా వెతికింది. చెత్త బుట్ట కాగితం మీద కుమ్మరించి చిన్న కుంచెతో కెలికింది. పెన్సిలు ముక్కల పొట్టు, ఒక బుల్లి మేకు, బొద్దింక కాలు.

పదకొండింటికి నిన్నటి మొండి లెన్సు లొంగింది. షట్టరుకి బిగించి, దూరం కొలిచి, దానికి కావలసిన రింగు వేసి, ఈసారి మూడుసార్లు చూసుకుని టిక్కు పెట్టింది. గాలిబుడ్డితో ఊది, కిటికీ పక్క బల్ల మీద పెట్టింది.

మామయ్య దాన్ని అందుకుని వెలుగుకి ఎత్తి, ఎడమ కన్ను మూసి, కుడికంటితో చూశారు.

"దుమ్ముందమ్మాయ్."

"ఊదాను మామయ్యా."

"ఊదితే పోయే రకం కాదు. లోపల ఉంది. పైన, కుడివైపు."

ఆమె తీసుకుని దీపం కింద చూసింది. భూతద్దం పెట్టి చూసింది. నీళ్లలా ఉంది గాజు. ఎక్కడా ఏమీ లేదు. వెనక్కి ఇచ్చేటప్పుడు ఏమీ అనుకోకుండానే తలకిందులుగా ఇచ్చింది. ఆయన మళ్లీ ఎత్తి చూశారు.

"ఉందిగా. పైన, కుడివైపే."

ఇంతకుముందు పైన కుడివైపు ఉన్న చోటు ఇప్పుడు కింద ఎడమవైపుకి రావాలి. లెన్సు తిరిగింది, దుమ్ము తిరగలేదు. అది గాజులో ఉన్న దుమ్ము కాదు.

మామయ్య బొటనవేలూ చూపుడువేలూ అప్పుడే లెన్సు ముందు ముక్క అంచు మీద వేశారు. తిప్పబోతున్నట్టుగా. ఆమె చూడటం గమనించి, తోలుగుడ్డ అందుకుని పైపైన తుడవసాగారు. "సరేలే, నేను చూసుకుంటాను. నువ్వెళ్లి నీ పని చూసుకో," అన్నారు.

"ముందు భోంచేసి రండి మామయ్యా. ఇది తర్వాత చూద్దురుగాని," అంది. లెన్సు ఆయన చేతిలోంచి దాదాపు లాక్కుంది.

ఆయన మేడ మెట్లు ఎక్కేటప్పుడు ఆమె వెనకనుంచి చూసింది. మెట్టు మెట్టుకీ గోడని చేత్తో తడుముకుంటూ ఎక్కుతున్నారు. ఎప్పట్నుంచి అలా ఎక్కుతున్నారో! మోకాళ్ల నొప్పులనుకున్నారు అందరూ. అనుకోవడం తేలిక కాబట్టి అనుకున్నారు.

తోలుగుడ్డ బల్ల మీదే ఉంది. నాలుగు మడతలు. వాడగా వాడగా మైనంలా నల్లబడి మెత్తబడిన గుడ్డ. మామయ్య గుడ్డని ఆయన తప్ప ఎవరూ ముట్టుకోరు, అందులో ఎవరి వేలి జిడ్డూ అంటకూడదని. ఆమె మొదటి మడత విప్పింది. రెండోది విప్పింది. మూడోదాంట్లో, తోలుకి అతుక్కుని, సన్నటి ఇత్తడి గీత మెరిసింది.

పట్టకారుతో తీసి మైక్రోమీటర్‌లో పెట్టింది. రెండుసార్లు కొలిచింది. పావు మిల్లీమీటరు.

ముందు ముక్క విప్పి తుడిచారు. రింగు గుడ్డకి అంటుకుని వచ్చేసింది. ఆయన చూడలేదు. చూడలేరు. బిగించి, సంతకం పెట్టారు. తన తప్పు కాదని తేలితే గుండె తేలికవుతుందని నిన్నంతా అనుకుంది. తేలింది. నిన్నటి భయం ఇవాల్టి భయం ముందు చుట్టంచూపుగా వచ్చినట్టుంది.

బయట కౌంటరు దగ్గర భర్త ఒక కెమెరా కాళ్లకి మరలు బిగిస్తున్నాడు. అరచేయి విప్పి రింగు చూపించింది. సంగతంతా నాలుగు ముక్కల్లో చెప్పింది. భర్త మరల డబ్బా మూత పెట్టాడు, తీశాడు, మళ్లీ పెట్టాడు.

"నాన్నకి చెప్పావా?"

"లేదు."

"చెప్పకు." గొంతు తగ్గించాడు. "ఆయనకి ఆ సంతకం తప్ప ఏముంది? కళ్లు పోతున్నాయని మనమే చెబితే మర్నాటినుంచి మంచం దిగరు."

"మరి రేపు ఆవిడొస్తుంది. ఆయన అంతా సరిగ్గానే ఉందంటారు. కెమెరా ఆయన గతేంటి?"

"సరిగ్గా లేదని నువ్వే చెప్పు. రింగు వెయ్యడం నేనే మరిచిపోయానని చెప్పు. అప్పుడు కెమెరా ఆయన బయటపడతాడు, నాన్న మాటా పోదు. నిన్నెవరేమంటారు? బోర్డు మీద నీ పేరుందా, కార్డు మీద నీ పేరుందా?"

అరికాలి మంట నెత్తికెక్కింది. పేరు లేకపోవడం ఇన్నాళ్లూ ఎవరికీ గుర్తురాలేదు, తప్పు మొయ్యాల్సి వచ్చేసరికి అది ఎంత సౌకర్యంగా ఉందో గుర్తొచ్చింది. "ఎల్లుండి ఇంకో లెన్సు విప్పుతారు. అప్పుడు కూడా నేనే మరిచిపోవాలా?" అంది.

"అప్పటి సంగతి అప్పుడు చూద్దాం," అన్నాడు. అతని మొహం చూస్తే కోపం నిలవలేదు. అతనూ హడలిపోయి ఉన్నాడు. తండ్రికి భయపడి కాదు, తండ్రి గురించి.

రింగుని కాగితంలో మడిచి జేబులో వేసుకుంది. ఆ సాయంత్రం గిన్నెలు కడుగుతూ, బట్టలు మడత పెడుతూ, రేపు చెప్పాల్సిన మాట లోపల్లోపల వల్లె వేసుకుంది. 'నేనే మరిచిపోయానండి.' రెండే మాటలు. తను ఆ మాట అంటుందనే నిర్ణయించుకుంది. అలా నిర్ణయించుకున్నాక నిద్రపట్టాలి గదా, పట్టలేదు.

*

విచారణ చేసే ఆవిడకి జలుబు. చేతిరుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకునే లోపలికి వచ్చి, ఇబ్బంది పెడుతున్నందుకు ఏమీ అనుకోవద్దని అందరికీ పేరుపేరునా చెప్పుకుంది. గద్దించే మనిషి వస్తుందనుకుంటే ఇంత మర్యాదగల మనిషి రావడం ఆమెని మరింత భయపెట్టింది. గద్దించేవాళ్ల ముందు అబద్ధం ఆడటం సులువు.

కెమెరా ఆయన ఆవిడ వెనకాలే వచ్చి గుమ్మం పక్కన నిలబడ్డాడు. చేతిలో టిఫిను డబ్బా ఉంది. కూర్చోమన్నా కూర్చోలేదు.

ఆవిడ లెన్సు పెట్టె మీద లక్క సీలు పగలగొట్టింది. కార్డు తీసి మామయ్య ముందు పెట్టింది. "ఈ సంతకం మీదేనా మాస్టారుగారూ?"

మామయ్య కార్డుని కొంచెం పక్కగా పట్టుకుని, తల వాల్చి చూశారు. "నాదేనమ్మా."

"పని మీరే చేశారా?"

"మా కొట్లో పనంతా నా చేతిమీదుగానే వెళుతుంది."

"లెన్సు సరిగ్గానే ఉందని మీ అభిప్రాయం. రాసుకోమంటారా?"

"నిక్షేపంగా రాసుకోండి."

ఆవిడ కలం మూత తీసింది. గుమ్మం దగ్గర కెమెరా ఆయన డబ్బాని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. ఆ డబ్బా మూత కిర్రుమన్న చప్పుడుకి ఆమె లేచి నిలబడింది.

"రాసేముందు ఒకసారి విప్పి కొలుద్దామండి," అంది.

మామయ్య ఆమె వైపు తిరిగారు. నలుగురి ముందూ కోడలు అలా మాట్లాడటం ఆయనకి కొత్త. కానీ విచారణ చేసే ఆవిడ "మంచిదేగా," అని లెన్సుని ఆమె వైపు జరిపింది. ఆమె ముందు ముక్క విప్పింది. మూడున్నర చుట్లు. లోపల ఇత్తడి అంచు నగ్నంగా మెరుస్తోంది. రింగు లేదు. నోటు పుస్తకం తెరిచి, దూరం కొలిచి, రెండు అంకెలూ ఆవిడకి చూపించింది. "పావు మిల్లీమీటరు తక్కువుందండి. ఇక్కడొక రింగు ఉండాలి. అది లేకపోతే అంచులు చెదురుతాయి. ఈయన ఫోకస్ తప్పు కాదు."

కెమెరా ఆయన అప్పుడు కూర్చున్నాడు. ఎవరూ కూర్చోమనకుండానే, దగ్గర్లో ఉన్న ముక్కాలిపీట మీద.

"అంటే ఇక్కడినుంచే అలా వచ్చిందన్నమాట," అంది ఆవిడ రాసుకుంటూ. "ఎవరు బిగించారు?"

"నేనేనండి."

ఆవిడ తలెత్తి మామయ్యని చూసి, మళ్లీ ఆమెని చూసింది. "రింగు ఎలా తప్పింది?"

సరిగ్గా ఇక్కడే ఆ రెండు మాటలూ అనాలి. నాలుక మీదికి వచ్చాయి కూడా. ఆలోగా మామయ్యే అందుకున్నారు.

"ఆఖరున ముందు ముక్క నేను విప్పి తుడిచానమ్మా. దుమ్ము కనిపించింది. ఎంత చిన్న నలుసున్నా నేను బయటికి పంపను. అప్పుడు అందులో రింగేమీ లేదు." ఆయన గొంతులో కోపం లేదు. పిల్లలు పలక మీద తప్పు లెక్క వేస్తే చెప్పినట్టు, ఆమె వైపు తిరిగి మెల్లగా అన్నారు. "నువ్వు వెయ్యలేదమ్మాయ్. ఫరవాలేదు. మనుషులం, మరిచిపోతాం."

గదిలో అందరికీ అదే బాగుంది. కౌంటరు దగ్గరినుంచి భర్త చూస్తున్నాడు, ఆ చూపంతా ప్రాధేయపడటమే. కెమెరా ఆయన "పోనీలెండి మేడమ్, పాపం చిన్నతప్పు," అని అప్పుడే ఆమెని క్షమించేశాడు. విచారణ చేసే ఆవిడ తలూపుతూ కలం కాగితం మీద పెట్టింది. ఒక్క 'అవునండి' చాలు. అందరూ ఇళ్లకి వెళ్లిపోవచ్చు.

మామయ్య చెయ్యి మాత్రం ఊరుకోలేదు. బల్ల మీద నిన్న ఆమె లాక్కున్న లెన్సు ఉంది. మాట్లాడుతూ మాట్లాడుతూనే ఆయన వేళ్లు దాన్ని వెతుక్కుని, అంచు మీద కుదురుకుని, తిప్పడం మొదలుపెట్టాయి. అందులోనూ రింగు ఉంది. అది ఎవరిదో, ఆ మనిషి ఏ ఆఫీసులో ఎవరి ముందు నిలబడాల్సి వస్తుందో ఆమెకి తెలియదు. తను చెయ్యబోయేది ఇంత ముసలాయనకి చెయ్యకూడనిదని ఆమెకి బాగా తెలుసు.

"వేశాను మామయ్యా," అంది.

ఆయన వేళ్లు ఆగాయి.

"వేశాను. మీ గుడ్డ మడతలో దొరికింది. నిన్న తీశాను."

జేబులోంచి కాగితం తీసి మడతలు విప్పింది. ఆయన కుడిచెయ్యి పట్టుకుని, అరచేతిలో రింగు పెట్టింది. పెళ్లయి ఈ ఇంటికి వచ్చాక ఆయన చెయ్యి పట్టుకోవడం అదే మొదటిసారి. వెచ్చగా, పొడిగా ఉంది.

మామయ్య అరచేతిని మొహం ముందు పెట్టుకుని సూటిగా చూశారు. "ఏదీ?" అన్నారు.

విచారణ చేసే ఆవిడ చేతిరుమాలు ముక్కు దగ్గరే ఆగిపోయింది. రింగు ఆయన అరచేతి మధ్యలో, కిటికీ వెలుగులో మెరుస్తోంది. గుమ్మం దగ్గరున్న కెమెరా ఆయనకి కూడా కనిపిస్తోంది. మామయ్య ఎడమచేతి బొటనవేలితో అరచేతిని మెల్లగా రాసుకున్నారు. వేలికి తగిలింది. అంచు చుట్టూ ఒకసారి తడిమారు. తర్వాత తల పక్కకి వాల్చి, ఓరగా, మళ్లీ చూశారు. అప్పుడు కనిపించింది.

"నాన్నా..." అంటూ భర్త రెండడుగులు వేశాడు. ఆయన చేత్తో ఆగమన్నారు.

ఆమె ఏడుపు ఆపుకోవడానికి బల్ల అంచు పట్టుకుంది. తిడతారని కాదు. ఏమీ అనకుండా లేచి, గోడ తడుముకుంటూ మేడెక్కి వెళ్లిపోతారని, మళ్లీ దిగరని భయం.

"కాస్త ఆగండమ్మా, నేను చెబుతాను, రాసుకోండి," అన్నారు మామయ్య విచారణ చేసే ఆవిడతో. "అమ్మాయి వేసింది. నేను విప్పాను. దుమ్ముందని విప్పాను. దుమ్ము లేదు."

"పొరపాటు ఎవరికైనా..." అంది ఆవిడ.

"పొరపాటు కాదు." రింగుని అరచేతిలో మూశారు. "దుమ్ము లెన్సులో లేదని నాకు తెలుసమ్మా. రెండేళ్లుగా అన్నిట్లోనూ అక్కడే ఉంటోంది, పైన కుడివైపు. లోకంలో లెన్సులన్నిటికీ ఒకే చోట దుమ్ము పడుతుందా? తెలుసు. అయినా ప్రతిదాన్నీ విప్పేవాణ్ణి. ఒక్కసారి, ఈ ఒక్కసారి నిజంగా లెన్సులోనే ఉందేమోనని. విప్పి తుడిచి మళ్లీ చూసేవాణ్ణి. ఉండేది. సంతకం పెట్టి పంపేసేవాణ్ణి."

మూడు రోజులుగా ఈ ఇంట్లో భయపడుతున్నది తనొక్కతే అనుకుంది ఆమె. రెండేళ్లు. పక్క బల్ల దగ్గర, చెయ్యి చాపితే అందేంత దూరంలో, ఈయన ఒక్కరే కూర్చుని భయపడ్డారు. తను దీపం కింద తలవంచుకుని మరలు తిప్పుకుంది. తనకి కోపం ఉండాల్సింది, 'నువ్వు వెయ్యలేదమ్మాయ్' అన్నందుకైనా ఉండాల్సింది. ఉంది కూడా. కానీ దానికి ఇప్పుడు తీరిక లేదు.

విచారణ చేసే ఆవిడ రాయడం ముగించి, కాగితం ఆయన ముందు పెట్టి, సంతకం చేసే చోటు వేలితో చూపించబోయి ఆగింది. మామయ్యే అన్నారు, "నా వేలు అక్కడ పెట్టండమ్మా." ఆవిడ ఆయన చూపుడువేలు పట్టుకుని గీత మీద పెట్టింది. ఆ వేలి పక్కనుంచే సంతకం చేశారు. ఎప్పటిలాగే దిట్టంగా వచ్చింది. తర్వాత కలం ఆమె వైపు చాచారు.

"నువ్వూ పెట్టు. బిగించింది నువ్వు కదా."

ఆమె పెట్టింది. కెమెరా ఆయన లేచాడు. డబ్బా పట్టుకుని నిలబడిపోయాడు.

"నీది ఇప్పుడే వేసి ఇస్తుందిలే, కూర్చో," అన్నారు మామయ్య. పిడికిలి విప్పి రింగు ఆమెకి ఇచ్చేశారు. "అది బిగించాక నీ పుస్తకం తియ్యమ్మా. నేను విప్పినవన్నీ చెబుతాను. వేటిలో రింగులున్నాయో నువ్వు చూడు. వెనక్కి పిలిపించాలి."

"ఇప్పుడెందుకు నాన్నా, రేపు చూసుకోవచ్చు," అన్నాడు భర్త.

"రేపటికి ధైర్యం ఉంటుందో లేదో," అన్నారు.

ఆమె రింగుని దాని చోట కూర్చోబెట్టి, ముందు ముక్క మూడున్నర చుట్లు బిగించి, దూరం కొలిచింది. కొలత సరిపోయింది. పెట్టె కెమెరా ఆయనకి ఇచ్చి, నోటు పుస్తకం తెచ్చుకుని, తన కుర్చీని కిటికీ పక్క బల్ల దగ్గరికి లాక్కుంది. మామయ్య కళ్లు మూసుకున్నారు. చెయ్యి మోకాలి మీద పెట్టుకుని, చిటికెన వేలితో మొదలుపెట్టారు.

"పళ్ల డాక్టరు తెచ్చింది, నల్లది."

పేజీలు తిప్పింది. "రింగు ఉంది మామయ్యా."

ఒక వేలు ముడిచారు. "బడి పిల్లల ఫోటోలు తీసే ఆవిడది."

"దీనికి లేదు."

"అమ్మయ్య. అచ్చాఫీసు వాళ్ల పెద్ద లెన్సు."

"ఉంది."

ఇంకో వేలు ముడిచారు. ఒక్కటీ మరిచిపోలేదు. ఏది ఎవరిదో, ఏ పెట్టెలో వచ్చిందో, విప్పిన రోజు వాన పడిందో ఎండ కాసిందో అన్నీ గుర్తున్నాయి. విచారణ చేసే ఆవిడ వెళ్లొస్తానని లేచి, వెళ్లకుండా అక్కడే నిలబడి వింటోంది. కుడిచేతి వేళ్లు అయిపోయాక ఎడమచేతికి వచ్చారు. అవి కూడా అయిపోయాయి. ఆయన కళ్లు తెరవకుండానే రెండు చేతులూ విప్పి, మళ్లీ చిటికెన వేలి దగ్గరికి వచ్చారు.